మందారానిది ఏ చేతి వాటం?

ఐదు రెక్కల ఎర్ర మందారం ఒకటి కోయండి. ముద్ద మందారం పనికిరాదు, దాన్లో రెక్కలు కిక్కిరిసి ఉంటాయి. పువ్వును బోర్లించి, తొడిమ వైపు నుంచి రెక్కల మొదళ్ళు కనిపించేలా ఫోన్‌తో ఫొటో తీయండి. తెర మీద వేళ్ళతో పెద్దది చేసి చూస్తే ప్రతి రెక్కకూ ఒక అంచు పక్క రెక్క మీదికి ఎక్కి ఉంటుంది, రెండో అంచు ఇటుపక్క రెక్క కింద దూరి ఉంటుంది. ఐదింటిదీ ఒకటే వరస. ఇప్పుడు అదే మొక్క నుంచి ఇంకో నాలుగైదు పూలు కోసి అలాగే తీయండి. కొన్నిట్లో ఆ తిరుగుడు గడియారం ముల్లు తిరిగే వైపు, కొన్నిట్లో దానికి ఎదురువైపు. కుడివాటం పూలూ ఎడమవాటం పూలూ ఒకే మొక్కకు పూస్తాయి. ముందురోజు సాయంత్రం మొగ్గలు చూసినా సరే, మెలిక ఎటు పడిందో తెలిసిపోతుంది.

రోజూ పూజకు కోసే పువ్వే. అయినా ఈ తేడా చాలామంది కంట పడదు. చేతిలో పువ్వుంటే మన చూపు రంగు మీదికి పోతుంది, మధ్యలో పొడుచుకొచ్చిన కేసరాల మీదికి పోతుంది. పైగా రెండు పూలను ఒకే కోణంలో పట్టుకుని పోల్చి చూసే పని మామూలుగా ఎవరికీ పడదు. ఫొటో ఆ పని చేసిపెడుతుంది. ఫోన్‌తో మొక్కల్ని తీయడం గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఫొటో అందంగా రావడానికే. వాటితో నాకు పేచీ లేదు. కానీ అదే ఫోన్‌తో లెక్కపెట్టదగ్గ ఫొటో తీయొచ్చు, ఆ లెక్క నుంచి మొక్క ఎలా పెరిగిందో చదువుకోవచ్చు. నాకు ఎక్కువ ఇష్టమైన పని ఇదే. దీనికి కావలసిన జాగ్రత్తలు వేరు.

మందారం తర్వాత నందివర్ధనం దగ్గరికి వెళ్ళండి. ఇది కూడా ఒంటి రెక్కలదే కావాలి. రెక్కలు గాలిమర రెక్కల్లా ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. ఎన్ని పూలు తీసినా వాటం మారదు, చెట్టుచెట్టుకీ అదే. బిళ్ళగన్నేరు, దేవగన్నేరు కూడా నందివర్ధనం వైపే తిరుగుతాయి. ఎర్రగన్నేరు మాత్రం వీటికి పూర్తిగా ఎదురు. ఇవన్నీ ఒకే కుటుంబం మొక్కలు. మరి పచ్చగన్నేరు? పేరు చూస్తే ఎర్రగన్నేరుకు చెల్లెలు అనిపిస్తుంది గానీ వాటంలో అది నందివర్ధనం పక్షం. వృక్షశాస్త్రజ్ఞులు ఈ కుటుంబాన్ని వర్గాలుగా విడదీసేటప్పుడు రెక్కలు ఎటు కప్పుకున్నాయన్నది ఒక గుర్తుగా చూస్తారు. ఆ గుర్తు ప్రకారం చూసినా ఎర్రగన్నేరు ఒక గుంపు, మిగిలిన నాలుగూ ఇంకో గుంపు. ఎవరిది కుడో ఎవరిది ఎడమో నేను చెప్పేస్తే మీకు మిగిలేదేమీ ఉండదు.

ఇక్కడ ఫోన్ పెట్టే చిక్కు ఒకటుంది. సెల్ఫీ కెమెరా తెర మీద అద్దంలో బొమ్మనే చూపిస్తుంది. కొన్ని ఫోన్లు ఫొటోను అలా తిప్పే దాచుకుంటాయి, కొన్ని సరిచేసి దాచుకుంటాయి, అది సెట్టింగ్‌ను బట్టి ఉంటుంది. మనిషి ముఖం తిరగబడితే పెద్దగా తెలియదు, పువ్వు తిరగబడితే కుడి ఎడమవుతుంది. కాబట్టి వెనక కెమెరాతోనే తీయాలి. దానితో పాటు ఫ్రేములో ఒక మూల వార్తాపత్రిక ముక్క పెట్టుకోండి. అక్షరాలు సవ్యంగా చదవగలిగితే ఫొటో తిరగబడనట్టే. పక్కన రూపాయి బిళ్ళ పెడితే పువ్వు ఎంత పెద్దదో కూడా తెలుస్తుంది. ఇంకొకటి, పువ్వును ముందునుంచి తీసిన ఫొటోలో ఉన్న తిరుగుడు వెనకనుంచి తీసిన ఫొటోలో ఎదురవుతుంది. ఏదో ఒక వైపు ఖాయం చేసుకుని అన్నీ అటునుంచే తీయాలి.

పువ్వుల వాటాన్ని ఇలా లెక్కగట్టడం సరదా కోసం మొదలైన పనేమీ కాదు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో టి.ఎ. డేవిస్ అనే శాస్త్రవేత్త 1960ల్లో ఇదే పని మీద ఉన్నారు. మందారం, బెండ, పత్తి చేరిన కుటుంబంలో రెక్కల వాటం మీద ఆయన రాసిన పరిశోధన 1964లో నేచర్ పత్రికలో వచ్చింది. అంతకన్నా ముందు, 1962లో, కొబ్బరి మీద రాశారు. కొబ్బరిచెట్టు మట్టలు కాండం చుట్టూ మెలికగా పుడతాయి. కొన్ని చెట్లలో ఆ మెలిక కుడికి, కొన్నిట్లో ఎడమకు. ఏ తోటలో చూసినా రెండు రకాలూ ఇంచుమించు సగం సగం. ఎడమవాటం చెట్టు కాయను నాటితే ఎడమవాటం మొక్కే వస్తుందా? రాదని డేవిస్ లెక్క తేల్చింది. తల్లి వాటం ఏదైనా పిల్లల్లో మళ్ళీ సగం సగమే. అంటే ఇది వంశంలో దిగే గుణం కాదు. మొలక దశలో మొదటి ఆకులు ఎటు పడ్డాయో, తర్వాతివి ఆ దారే పట్టాయి.

డేవిస్‌ను ఈ లెక్కల వైపు ప్రోత్సహించిన వాతావరణం జె.బి.ఎస్. హాల్డేన్‌ది. బ్రిటన్‌లో పేరు మోసిన ఈ జన్యుశాస్త్రజ్ఞుడు 1957లో ఇక్కడికి వచ్చేసి ఆ సంస్థలో చేరారు. ఖరీదైన పరికరాలు లేకుండా, జీవుల్ని కోయకుండా చంపకుండా, కళ్ళతో చూసి లెక్కపెట్టి చేసే జీవశాస్త్రం ఈ దేశంలో బోలెడంత చేయొచ్చని ఆయన వాదన. ఆయన బృందంలో ఎస్.కె. రాయ్ పారిజాతం పూలకు ఎన్నేసి రెక్కలున్నాయో లెక్కపెట్టారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ లంటానా పూల మీద ఏ రంగుకు ఏ సీతాకోకచిలుక వాలుతోందో చూసి రాసుకున్నారు. హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఆయన చెప్పిన రకం పనికి ఇవాళ జేబులో ఉన్న ఫోన్ కన్నా తగిన పరికరం ఏముంటుంది?

కొబ్బరి ఫొటోకు కోనసీమ దాకా పోనక్కర్లేదు, పెరట్లో ఐదారేళ్ళ చెట్టు చాలు. మట్టల మొదళ్ళు కంటి ఎత్తులో ఉన్న వయసది. నిలువెత్తు ముసలి చెట్టయితే దూరంగా నిలబడి జూమ్ చేయాలి. కిందనుంచి ఫోన్ పైకెత్తి తీస్తే మట్టలు విప్పారిన గొడుగు బాగా వస్తుంది, కానీ పైనుంచి చూస్తే కనిపించే తిరుగుడుకు అది ఎదురుగా ఉంటుంది. పక్కనుంచి తీసినదే నమ్మకం. మట్టల మొదళ్ళను కలుపుకుంటూ పోతే ఏటవాలు గీతలు కనిపిస్తాయి, అవి కుడికి ఎక్కుతున్నాయా ఎడమకు ఎక్కుతున్నాయా అన్నది చెట్టు ఏ పక్కన నిలబడి తీసినా మారదు. అలాంటి గీతలు చుట్టూ ఐదు ఉంటాయి.

ఐదే ఎందుకు? కొబ్బరికి ఒక మట్ట తర్వాత ఇంకో మట్ట దాదాపు 140 డిగ్రీలు పక్కకు జరిగి వస్తుంది. ఐదు మట్టలకు 700 డిగ్రీలు. రెండు పూర్తి చుట్లు 720. అంటే ప్రతి ఐదో మట్టా తన ముందటి మట్ట నెత్తికి దగ్గరగా, 20 డిగ్రీల తేడాతో వచ్చి నిలబడుతుంది. కంటికి కనిపించే గీత ఆ దగ్గరివాళ్ళను కలిపినదే.

ఈ లెక్కను పొద్దుతిరుగుడు పువ్వు మీదికి తీసుకెళ్తే కథ ఇంకా చిక్కబడుతుంది. కర్నూలు, నంద్యాల వైపు, అటు సిద్దిపేట వైపు ఈ పంట వేసిన చేలు చూసే ఉంటారు. పువ్వు మధ్యనున్న పళ్ళెంలో గింజలు రెండు రకాల వంపు వరుసల్లో కనిపిస్తాయి, కొన్ని కుడికి తిరిగేవి, కొన్ని ఎడమకు. లెక్కపెడితే ఒక వైపు 34, రెండో వైపు 55 వస్తాయి, లేదా 55, 89. చిన్న పూలలో 21, 34. వీటిని ఫిబొనాచీ సంఖ్యలంటారు. 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89... ప్రతిదీ ముందున్న రెండింటి మొత్తం.

ఇటలీలో ఫిబొనాచీ 1202లో తన పుస్తకం రాయడానికి ముందే ఈ వరుస మన ఛందశ్శాస్త్రంలో ఉంది. విరహాంకుడూ, తర్వాత 12వ శతాబ్దంలో హేమచంద్రుడూ దీన్ని వివరించారు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. మూడు మాత్రల గణాలు ఎన్ని రకాలుగా కట్టొచ్చు? మూడు. నాలుగు మాత్రలవి? గగ, భ, జ, స, నల. ఐదే, ఆరోది కుదరదు. బడిలో కందపద్యం నేర్చుకున్నవాళ్ళకు ఈ ఐదూ కంఠతా వస్తాయి. ఐదు మాత్రలకు ఎనిమిది. లెక్క ఎందుకిలా సాగుతుందంటే, గణం చివర లఘువు ఉంటే దాని ముందు ఒక మాత్ర తక్కువ గణం, గురువు ఉంటే రెండు మాత్రలు తక్కువ గణం ఉండాలి. రెండూ కూడితే కొత్త సంఖ్య.

పొద్దుతిరుగుడుకు ఛందస్సు తెలియదు, దానికి తెలిసింది ఒక్క కోణమే. ఒక గింజ తర్వాత ఇంకోటి దాదాపు 137.5 డిగ్రీలు పక్కకు జరిగి పుడుతుంది. ఫ్రాన్స్‌లో బ్రావే సోదరులు 1837లోనే ఈ కోణాన్ని లెక్కగట్టారు. కాగితం మీద మీరూ వేసి చూడొచ్చు. ఎనిమిది సార్లు 137.5 అంటే 1100, మూడు చుట్లు తీసేస్తే మిగిలేది 20 డిగ్రీలు. పదమూడు సార్లయితే 1787.5, ఐదు చుట్లకు 12.5 తక్కువ. ఇరవై ఒక్క సార్లయితే 2887.5, ఎనిమిది చుట్ల మీద 7.5 ఎక్కువ. తేడా తగ్గుతూ పోతోంది, ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఏ గింజకైనా తన తర్వాతి 21వ గింజ, 34వ గింజ దగ్గరి పొరుగువాళ్ళయ్యేది ఇందుకే, వంపు వరుసలు కుడికీ ఎడమకూ పుట్టేది ఇందుకే. అదే పది సార్లు వేసి చూడండి. 1375, నాలుగు చుట్లకు 65 తక్కువ. పదో గింజ ఎక్కడో దూరాన పడింది. అందుకే పది వరుసల పువ్వు అరుదు. ఇక కోణం సరిగ్గా 90 డిగ్రీలయి ఉంటే నాలుగు నిలువు గీతల మీదే గింజలన్నీ పడి, మధ్యలో జాగా అంతా వృథా అయ్యేది.

మొక్క కోణమానిని పెట్టుకుని కొలవదు కదా, మరి 137.5 ఎలా వస్తుంది? జవాబు చిగురు మొనలో ఉంది. అక్కడ కొత్త ఆకు పుట్టాలంటే ఆక్సిన్ అనే హార్మోను ఒకచోట పోగవ్వాలి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో టమాటా మొక్క చిగురు మొనకు ఆక్సిన్ ప్రయాణం ఆపేశారు. ఆకులు పుట్టడం ఆగిపోయి చిగురు సూదిలా సాఫీగా పెరిగింది. తర్వాత దాని మీద ఒకచోట చుక్కంత ఆక్సిన్ అంటిస్తే, సరిగ్గా అంటించినచోటే ఆకు మొలిచింది. ఆ ప్రయోగం 2000లో అచ్చయింది. 2003లో అదే బృందం మిగతా కథ చెప్పింది. పుట్టిన ప్రతి మొలకా చుట్టుపక్కల ఆక్సిన్‌ను తనవైపు లాగేసుకుంటుంది. దాని దగ్గర్లో ఇంకోటి పుట్టడానికి సరుకు ఉండదు. తర్వాతిది ముందున్నవాటికి ఎడంగా, ఖాళీ ఎక్కువున్న చోట పుట్టాలి. ఈ ఒక్క నియమమే మళ్ళీ మళ్ళీ నడిస్తే మొలకల మధ్య కోణం 137.5 దగ్గర కుదురుకుంటుంది. పువ్వులో కనిపించే వరుసలు ముందే గీసిపెట్టిన బొమ్మ కావు, చోటు కోసం జరిగిన సర్దుబాటు మిగిల్చిన ఆనవాళ్ళు.

సర్దుబాటు గనక తప్పులూ జరుగుతాయి. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన ఆలన్ ట్యూరింగ్ చివరి రోజుల్లో ఈ పొద్దుతిరుగుడు లెక్కల మీదే ఉండి, పని పూర్తికాకుండానే 1954లో చనిపోయాడు. ఆయన శతజయంతి ఏడు 2012లో మాంచెస్టర్‌లోని సైన్స్ మ్యూజియం వాళ్ళు జనాన్ని పొద్దుతిరుగుడు పెంచి, వరుసలు లెక్కపెట్టి, ఫొటోలు పంపమన్నారు. 657 పూల వివరాలతో 2016లో పరిశోధన పత్రం వచ్చింది. ఎక్కువ పూలు ఫిబొనాచీవే. కానీ కొన్ని 4, 7, 11, 18, 29, 47 అని సాగే లూకాస్ వరుసలో వచ్చాయి, కొన్ని ఫిబొనాచీ సంఖ్యకు ఒకటి తక్కువగా వచ్చాయి, కొన్నిట్లో వరుసలే తెగిపోయి కలగాపులగమయ్యాయి. పాఠ్యపుస్తకంలో ఎప్పుడూ చక్కని పువ్వునే అచ్చేస్తారు కాబట్టి ఇవి మనకు కనిపించవు. మనమూ చక్కనివే ఏరి తీస్తే మన లెక్కకూ అదే గతి. పది పూలున్న మడిలో పదీ తీయడమే మార్గం.

తీసేటప్పుడు పువ్వు ముఖానికి ఫోన్ సమాంతరంగా ఉండాలి. కెమెరాలో గ్రిడ్ పెట్టుకుంటే పళ్ళెం నడిబొడ్డు ఫ్రేము నడిమికి వచ్చిందో లేదో తెలుస్తుంది. చాలామంది ఫోన్‌ను పువ్వుకు ఆనించినంత దగ్గరికి తీసుకెళ్తారు. అప్పుడు మధ్య భాగం ఉబ్బి, అంచులు కుంచించుకుపోతాయి, కొన్ని ఫోన్లయితే ఫోకసే పట్టవు. ఒక జానెడు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌తో తీస్తే ఆకారం చెడదు. తక్కువ ధర ఫోన్లలో వేరుగా ఇచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా కన్నా ఇదే మెరుగు. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, అది తనకు తోచినచోట అంచుల్ని మసకబార్చేస్తుంది. జూమ్ మరీ పెంచితే లేని నునుపునూ లేని గీతలనూ ఫోనే కల్పించి అద్దుతుంది, అందానికి పనికొస్తుందేమో గానీ లెక్కకు పనికిరాదు. మిట్ట మధ్యాహ్నం ఎండ వద్దు. తెల్లపూలయితే వెలుతురు గీతను కాస్త కిందికి లాగాలి, లేకపోతే నందివర్ధనం తెల్లటి మచ్చగా మిగులుతుంది. తర్వాత ఫొటో మీద గీతలు గీసే వీలు ఏ ఫోన్‌లోనైనా ఉంది, ఒక్కో వరుసకు ఒక్కో రంగు వేసుకుంటూ పోతే 34 దగ్గర తడబడరు.

అనాసపండుకు ఈ పద్ధతి చెల్లదు, అది గుండ్రటి స్తంభం, ఒక ఫొటోలో సగమే కనిపిస్తుంది. తోపుడుబండి మీద అనాస కోసేవాళ్ళ చెయ్యి చూడండి. తొక్క చెక్కేశాక కళ్ళను ఒక్కొక్కటిగా తవ్వరు, ఏటవాలుగా ఒక వరుస పట్టుకుని కత్తితో పైనుంచి కిందికి కాలువలా కోసుకుంటూ పోతారు. ఆ కాలువ పొద్దుతిరుగుడులో చెప్పిన వంపు వరుసే. ఒక్కో కన్నూ ఒక్కో పువ్వు ఉన్న చోటు. కళ్ళు ఇంచుమించు ఆరు పలకలవి కాబట్టి వరుసలు మూడు దిక్కుల్లో కనిపిస్తాయి, సాధారణంగా 8, 13, 21. లెక్కించడానికి ఒక కంటి మీద బొట్టుబిళ్ళ అంటించి, పండును నెమ్మదిగా తిప్పుతూ వీడియో తీయండి. బొట్టుబిళ్ళ మళ్ళీ ఎదురొచ్చేసరికి ఒక దిక్కు వరుసలు పూర్తయినట్టు.

అన్ని అమరికలూ లెక్కకు లొంగేవి కావు. ఆకు ఈనెలు అలాంటివి. తమలపాకునో మందారం ఆకునో కిటికీ అద్దానికి తడితో అంటించి, వెలుతురు వెనకనుంచి వచ్చేలా తీస్తే పెద్ద ఈనెల మధ్య సన్నవి, వాటి మధ్య ఇంకా సన్నవి వలలా అల్లుకుని కనిపిస్తాయి. రాత్రయితే లాప్‌టాప్‌లో తెల్లటి పేజీ తెరిచి దానికి కాస్త ఎడంగా ఆకును పట్టుకున్నా చాలు. మరీ ఆనిస్తే తెరలోని చుక్కలు ఫొటోలోకి వస్తాయి. నీళ్ళు అందించడమే పనయితే చెట్టు కొమ్మల్లా చీలిపోతే సరిపోయేది, తిరిగి కలుసుకునే గడులు ఎందుకు? దానికి పురుగు తిన్న ఆకే సాక్ష్యం. ఈనె తెగిన రంధ్రానికి అవతల కూడా ఆకు పచ్చగానే ఉంటుంది, ఎందుకంటే నీరు పక్క గడుల్లోంచి చుట్టు తిరిగి అక్కడికి చేరుతుంది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఎలెనీ కటిఫోరి, మార్సెలో మాగ్నాస్కో బృందం 2010లో ఈ సంగతిని గణితంతో చూపించింది. నిమ్మ ఆకుకు చిల్లు పెట్టి, మెరిసే రంగునీళ్ళు ఎక్కించి, రంగు ఆ చిల్లును చుట్టి పోవడాన్ని వాళ్ళు వీడియో కూడా తీశారు. కాబట్టి ఈనెల ఫొటోకు నిండు ఆకు కన్నా చిల్లుపడ్డ ఆకు మంచిది.

ఇక ఫోన్ చూపించలేనివీ ఉన్నాయి. పొద్దుతిరుగుడు పసుపు రెక్కల మొదళ్ళలో అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే ముదురు వలయం ఉంటుంది. తేనెటీగలు దాన్ని చూస్తాయి. మనమూ చూడలేం, ఫోనూ చూడలేదు, ఆ కాంతిని లోపలికి రానివ్వని ఫిల్టర్ లెన్సు వెనకే ఉంటుంది. తామరాకు మీదుండే మైనపు బుడిపెలు కూడా ఏ ఫోన్‌కూ అందనంత సూక్ష్మం. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ బార్త్‌లాట్ వాటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి, ఆకుకు నీళ్ళూ మురికీ అంటకపోవడానికి అవే కారణమని 1997లో వివరంగా రాశారు.

అయితే బుడిపెలు కనిపించకపోయినా వాటి పని కనిపిస్తుంది. తామర దొరక్కపోతే పెరట్లో చేమ ఆకు చాలు, దానికీ ఇదే గుణం. బకెట్ నీళ్ళలో ఆకును ముంచి, ఫ్లాష్ లేకుండా ఏటవాలుగా తీయండి. బుడిపెల మధ్య చిక్కిన గాలి పొర వల్ల ఆకుపచ్చ రంగు పోయి ఆకంతా వెండిరేకులా మెరుస్తుంది. బయటికి తీసి, ఒకచోట వేలితో గట్టిగా రుద్ది, మళ్ళీ ముంచితే రుద్దినంత మేరా మైనం లేచిపోయి అక్కడ మామూలు ఆకే కనిపిస్తుంది. చేమ పసరు దురద పెడుతుంది కాబట్టి ఫోన్ మళ్ళీ పట్టుకునే ముందు చేతులు చింతపండుతో కడుక్కోవాలి.